కల్పనా కథలతో ఒక ఏడాది

ఈ శీర్షికలో సాధారణముగా కుటుంబ ప్రార్థన గురించి, పిల్లల పెంపకము గురించి, అత్తాకోడళ్ల సమాధానము గురించి రాస్తూ వచ్చాము. ఈ నెల మాత్రము పుస్తకముల గురించి రాయవలసి వచ్చింది. అవి భక్తి పుస్తకములు కావు. మాట్లాడే సింహములు, తొడుక్కుంటే మనిషిని కనబడకుండా చేసే ఉంగరములు, అంగారక గ్రహము మీద జీవులు, ఇట్టి కథలున్న పుస్తకములు. పోయిన జనవరి మొదలు ఈ డిసెంబరు వరకు మేమిద్దరము తీరిక దొరికినప్పుడల్లా ఇవే చదివాము.

ఎందుకు చదవవలసి వచ్చిందో ముందు చెప్పాలి. ఒక పల్లెటూరి తల్లి మాకు ఉత్తరము రాసింది. ఆమె భర్త కౌలు రైతు. కుమారుడు పట్టణములో ఒక ప్రైవేటు కాలేజీ హాస్టల్లో ఉండి ఇంటరు మొదటి సంవత్సరము చదువుతున్నాడు. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు అతని పెట్టెలో పాఠ్యపుస్తకముల అడుగున నాలుగు ఇంగ్లీషు పుస్తకములు దొరికాయి. అట్టల మీద రాక్షసులు, మంత్రగత్తెలు, ఆకాశములో ఎగిరే ఓడలు. తండ్రి వాటిని పొయ్యిలో పెడతానన్నాడు. అబ్బాయి అన్నము మానివేశాడు. “అయ్యగారూ, అమ్మగారూ, ఇవి ఇంట్లో ఉంచవచ్చునా? దేవునికి విరోధమా? మీరే చెప్పాలి” అని ఆమె అడిగింది. చదవని పుస్తకము మీద తీర్పు చెప్పడము మాకిష్టము లేదు. కాల్చవద్దని, అబ్బాయిని కొట్టవద్దని, కొంత ఓపిక పట్టమని జవాబు రాసి, ఆ నాలుగింటి పేర్లు తెప్పించుకున్నాము. నాలుగే గదా అని మొదలుపెడితే పన్నెండు దాటాయి.

మా సంఘపు పెద్దలొకరు మొదట్లోనే అభ్యంతరము చెప్పారు. కల్పనా కథల విషయమై పౌలు తిమోతిని హెచ్చరించాడు గదా అన్నారు. ఆ మాట తేలికగా తీసుకోదగినది కాదు. అయితే రెండవ తిమోతి పత్రిక నాలుగవ అధ్యాయము నిదానముగా చదివితే, పౌలు బాధపడినది సత్యము వినలేక, తమకు నచ్చిన మాటలు చెప్పే బోధకులను వెదకుకొని, కట్టుకథనే సత్యమని పట్టుకొనేవారిని గురించి అని తెలుస్తుంది. కథను కథగా చెప్పుకోవడము వేరు సంగతి. న్యాయాధిపతుల గ్రంథము తొమ్మిదవ అధ్యాయములో యోతాము గెరిజీము కొండ మీద నిలిచి షెకెమువారికి ఏమి చెప్పాడు? చెట్లన్నీ కలిసి తమకొక రాజు కావాలని బయలుదేరాయట. ఒలీవ చెట్టు నాకు వద్దన్నది, అంజూరపు చెట్టు వద్దన్నది, ద్రాక్ష వద్దన్నది, చివరకు ముండ్లపొద ఒప్పుకొన్నది. చెట్లు నడవవని, మాట్లాడవని షెకెములో ఎవరికి తెలియదు? అయినా అబీమెలెకు ఎట్టివాడో ఆ ముండ్లపొద చెప్పినంత బాగా ఏ ప్రసంగమూ చెప్పలేదు. నాతాను ప్రవక్త ఆ బీదవాని గొర్రెపిల్ల కథ చెప్పకపోతే దావీదు తన నోటితోనే తన మీద తీర్పు చెప్పుకొనేవాడా?

మన ఇళ్లలో బైబిలు ప్రక్కనే ఉండే యాత్రికుని ప్రయాణము సంగతి చూడండి. 1678లో జాన్ బన్యన్ గారు అచ్చు వేయించిన ఆ పుస్తకములో రాక్షసుడున్నాడు, అతని కోట ఉన్నది, రెక్కలున్న అపొల్లుయోను ఉన్నాడు. మన నాయనమ్మలెవరూ అది అబద్ధమని పారవేయలేదు. చందమామ విషయములో మాత్రము మన ఇళ్లు రెండుగా ఉండేవి. బేతాళుడున్నాడని కొన్ని ఇళ్లలో గుమ్మము దాటనివ్వలేదు. కొన్ని ఇళ్లలో తోకచుక్క వంటి సీరియల్ కొరకు నెలంతా ఎదురుచూసేవారు. 1947 జూలైలో మొదలైన ఆ పత్రిక ఇప్పుడు ఆగిపోయింది గాని ఆ తగవు ఆగలేదు. పుస్తకముల పేర్లు మారాయి, అంతే.

మేము చదివినవాటిలో చాలా పుస్తకములు తెలుగులో మాకు దొరకలేదు. గనుక ఒకరము ఇంగ్లీషులో చదివి రెండవవారికి తెలుగులో చెప్పేవారము. కొన్ని కథలు ఆదివారము సాయంకాలము సండే స్కూలు పిల్లలకు కూడా చెప్పాము. వాళ్ల ప్రశ్నలే మాకు చాలా నేర్పాయి.

మొదట సి.ఎస్. లూయిస్ గారి నార్నియా కథలు తీసుకున్నాము. 1950 మొదలు 1956 వరకు ఏటా ఒకటి చొప్పున ఏడు పుస్తకములు. ఆయన 1898లో బెల్‌ఫాస్టులో పుట్టారు. తొమ్మిదేళ్లకే తల్లిని పోగొట్టుకున్నారు. యౌవనములో దేవుడు లేడన్నారు. మొదటి ప్రపంచ యుద్ధములో గాయపడి, తరువాత ఆక్స్‌ఫర్డులో అధ్యాపకులయ్యారు. 1931 సెప్టెంబరులో ఒక రాత్రి టోల్కీన్, డైసన్ అను ఇద్దరు స్నేహితులతో చాలా పొద్దుపోయేవరకు మాట్లాడారు. మాటలు దేని గురించి అనుకున్నారు? పాత పురాణ కథల గురించే. చనిపోయి తిరిగి లేచే దేవతల కథలు తనను కదిలిస్తాయి గాని సువార్త ఎందుకు కదిలించదని లూయిస్ గారి చిక్కు. సువార్త కూడా అట్టి కథయే, అయితే ఇది నిజముగా జరిగిన కథ అని ఆ స్నేహితులు ఆయనకు తెలియజెప్పారు. కొద్ది రోజులకే ఆయన క్రీస్తును దేవుని కుమారుడని నమ్మారు. కథల మీద ప్రేమ ఒక మనిషిని ప్రభువు దగ్గరకు నడిపిన దారులలో ఒకటి అయింది. ఈ సంగతి మా పెద్దలకు చెప్పినప్పుడు ఆయన కొంతసేపు మాట్లాడలేదు.

ఏడింటిలో ముందుగా వచ్చిన ది లయన్, ది విచ్ అండ్ ది వార్డ్‌రోబ్ అను కథ పిల్లలకు చెప్పాము. యుద్ధకాలములో లండను నుండి పల్లెకు పంపబడిన నలుగురు తోబుట్టువులు ఒక పాత బీరువా గుండా నార్నియా అను దేశములో అడుగుపెడతారు. అక్కడ మంత్రగత్తె పెత్తనములో ఎప్పుడూ మంచే. ఎడ్మండ్ అను పిల్లవాడు ఆమె పెట్టిన మిఠాయికి ఆశపడి తోబుట్టువులను అప్పగించబోతాడు. “ఒక్క మిఠాయికా?” అని మా పిల్లలు నవ్వారు. ఆ పుస్తకము వచ్చిన 1950లో ఇంగ్లండులో మిఠాయి కూడా రేషను మీదనే ఇచ్చేవారు, 1953 వరకు అంతే అని చెప్పాము. అయినా కొందరికి నమ్మకము కలుగలేదు. అప్పుడు వెనుక కూర్చున్న ఒక పిల్లవాడు, “ఏశావు చిక్కుడుకాయల కూరకే గదా అమ్ముకున్నాడు” అన్నాడు. మాకు ఆ జవాబు తోచలేదు.

ఆ ద్రోహికి బదులుగా అస్లాన్ అను సింహము తన్ను తాను అప్పగించుకుంటుంది. రాత్రివేళ ఇద్దరు ఆడపిల్లలు దూరము నుండి వెంబడిస్తారు. జూలు కత్తిరించి, కట్టివేసి, ఎగతాళి చేసి రాతిబల్ల మీద చంపుతారు. తెల్లవారుజామున చిన్న ఎలుకలు వచ్చి ఆ కట్లు కొరుకుతాయి. ఇక్కడికి వచ్చేసరికి మా పిల్లల్లో ముగ్గురు ఏడ్చారు. వీళ్లు ప్రతి గుడ్‌ ఫ్రైడేకు సిలువ మీది ఏడు మాటలు వరుసగా అప్పజెప్పేవారే. అప్పుడు ఎన్నడూ కన్నీరు చూడలేదు. తరువాత ఏమి జరుగుతుందో తెలియని కథ గనుక ఏడ్చారు. చిన్ననాట దేవుని గురించి భక్తిగా ఉండాలని చెప్పి చెప్పి పెద్దలు తనలో ఆ భావమునే గడ్డకట్టించారని, అదే సంగతి వేరే లోకములో పెట్టి చెబితే మనస్సు తలుపు తీస్తుందేమోనని లూయిస్ గారు ఒక వ్యాసములో రాసుకున్నారు. మూడవ రోజున ఒక చిన్నది మా ఇంటికి వచ్చి, మగ్దలేనే మరియ కూడా అట్లాగే దూరము నుండి చూసిందా అని అడిగి వెళ్లింది.

తరువాత టోల్కీన్ గారి ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్. 1954లోను 1955లోను మూడు సంపుటములుగా వచ్చింది. వెయ్యి పేజీలు దాటింది. నిజము చెప్పాలంటే మధ్యలో నడక, నడక, ఇంకా నడక. కొన్ని చోట్ల పేజీలు దాటవేద్దామా అనిపించింది. అయితే ఆయన 1916లో సోమ్ యుద్ధములో పనిచేసినవాడని, యుద్ధము ముగిసేసరికి సన్నిహిత స్నేహితులలో ఒక్కడు తప్ప అందరూ పోయారని తెలిసిన తరువాత ఆ నడకలోని అలసట ఎక్కడిదో అర్థమైంది.

కథ ఒక ఉంగరము గురించి. దానికి గొప్ప శక్తి ఉంది, దానిని చేసినవాడు దుష్టుడు. మంచివారు దానిని వాడుకొని దుష్టుని గెలవకూడదా? ఈ ప్రశ్నే పుస్తకమంతా. బోరొమీర్ అను వీరుడు తన ప్రజలను కాపాడటానికే దానిని కోరతాడు, ఆ కోరికతోనే పడిపోతాడు. జ్ఞాని అయిన గాండాల్ఫ్ మంచి చేయాలన్న ఆశే తనను చెరుపుతుందని దానిని తీసుకోనంటాడు. మంచి పని కొరకే గదా పదవి అడుగుతున్నాము అనే మాట మన సంఘములలో ఎన్నిసార్లు వినలేదు? కమిటీ ఎన్నికలకు ముందు ఈ అధ్యాయము చదివించాలని మాలో ఒకరము అంటే రెండవవారు నవ్వారు గాని కాదనలేదు.

మమ్మును ఎక్కువగా ఆపినది ముగింపు. ఉంగరమును అగ్నిలో వేయడానికి బయలుదేరిన ఫ్రోడో, ఆకలికి దప్పికకు ఓర్చి, నమ్మకమైన సేవకుడు మోయగా కొండ ఎక్కి, ఆఖరి అడుగులో ఓడిపోతాడు. వేయనంటాడు, ఇది నాదంటాడు. కథానాయకుడు ఓడిపోయే కథ మన పిల్లలు ఎరుగరు. అప్పుడు గొల్లుమ్ అను దౌర్భాగ్యుడు వెంటపడి వచ్చి అతని వ్రేలు కొరికి ఉంగరము లాక్కొని, ఆ సంతోషములో తూలి అగ్నిలో పడతాడు. ఆ గొల్లుమ్‌ను చంపడానికి ముందు ఎన్నో అవకాశములు వచ్చాయి. బిల్బో జాలిపడి విడిచాడు, ఫ్రోడో జాలిపడి విడిచాడు. బలము చేత జరగనిది ఎప్పుడో చూపిన కనికరము చేత జరిగింది. ఉంగరము నాశనమైన తేదీ మార్చి 25 అని పుస్తకము చివర పట్టికలో ఉంది. ఆ తేదీ పూర్వకాలపు సంఘములో మరియకు దేవదూత ప్రకటన చేసిన దినముగా ఎంచబడినది. టోల్కీన్ గారు రోమన్ కథోలిక విశ్వాసి, ఊరకనే పెట్టి ఉండరు. అయినా కథలో ఎక్కడా దేవుని పేరెత్తి ప్రసంగము చేయలేదు. బోధకులమైన మాకు ఇది కొంచెము ముల్లుగానే గుచ్చుకుంది.

ఇక గ్రహముల కథలు. వీటిని వేగముగా చదివాము. జూల్స్ వెర్న్ గారు 1865లోనే ముగ్గురు మనుష్యులను ఫ్లోరిడా నుండి ఫిరంగితో చంద్రుని వైపు పంపినట్టు రాశారు. నూరేళ్లు దాటిన తరువాత 1968 క్రిస్మస్ ముందు రాత్రి, అదే ఫ్లోరిడా నుండి వెళ్లి చంద్రుని చుట్టూ తిరుగుతున్న అపొలో 8లోని ముగ్గురు ఆదికాండము మొదటి పది వచనములు చదివి లోకమునకు వినిపించారు. 1969 జూలైలో చంద్రునిపై దిగిన బజ్ ఆల్డ్రిన్ గారు బయట అడుగు పెట్టకముందే ఓడలో రొట్టెను ద్రాక్షారసమును తీసుకున్నారు. ఆయన ప్రెస్బిటేరియన్ సంఘపు పెద్ద. మన శ్రీహరికోట నుండి వెళ్లిన చంద్రయాన్-3 2023 ఆగస్టు 23న చంద్రుని దక్షిణ ధ్రువము దగ్గర దిగిన రోజు మా పిల్లలు బడిలో టీవీ ముందు కూర్చున్నవారే గనుక, ఈ కథ వాళ్లకు కథగా అనిపించలేదు. హెచ్.జి. వెల్స్ గారి కాలయంత్రము సంగతి చెప్పగానే ఆదిత్య 369 సినిమా అని అందరూ ఒక్కసారి అరిచారు.

వెల్స్ గారు 1898లో రాసిన ది వార్ ఆఫ్ ది వరల్డ్స్‌లో అంగారకుని నుండి వచ్చినవారు ఇంగ్లండును బూడిద చేస్తారు. టాస్మేనియా ద్వీపవాసులను తెల్లవారు ఏమి చేశారో మొదటి అధ్యాయములోనే గుర్తుచేసి, ఇప్పుడు మన వంతు అన్నట్టు రాశారు. అందులో ఒక పాదిరి ఉన్నాడు. భయముతో మతి చెడి, దాగియున్న చోట కేకలు వేసి తోటివాని ప్రాణము మీదికి తెస్తాడు. మాకు కష్టము తోచిన మాట నిజమే. కాని కష్టకాలములో సంఘమును విడిచి ముందుగా పరుగెత్తిన కాపరులు లేరని మనమెవరమైనా చెప్పగలమా?

వీటన్నిటికంటె లూయిస్ గారే 1938లో రాసిన అవుట్ ఆఫ్ ది సైలెంట్ ప్లానెట్ మాకు నచ్చింది. రాన్సమ్ అను భాషా పండితుని ఇద్దరు దుర్మార్గులు ఎత్తుకొని అంగారకునికి తీసుకొనిపోతారు. అక్కడి పొడవాటి జీవులను చూసి అతడు వణికిపోతాడు. తీరా చూస్తే వారే అతనిని భుజము మీద ఎక్కించుకొని దారి చూపుతారు. చివర ఒక సభ జరుగుతుంది. దుర్మార్గులలో ఒకడైన వెస్టన్ గొప్ప శాస్త్రజ్ఞుడు. మానవజాతి ఒక గ్రహము తరువాత ఒక గ్రహమును జయించాలని, అదే ప్రగతి అని అక్కడి పాలకుని ఎదుట పెద్ద ప్రసంగము చేస్తాడు. అక్కడి భాష అతనికి బాగా రాదు గనుక రాన్సమ్ తర్జుమా చేయాలి.

మన కన్వెన్షన్లలో ఇంగ్లీషు ప్రసంగికుని ప్రక్కన తెలుగు తర్జుమాదారుడు నిలబడిన దృశ్యము మీరు చూసే ఉంటారు. పెద్ద మాట వచ్చినప్పుడు అతడు తడబడి, “అనగా…” అని ఆగుతాడే, సరిగ్గా అదే. నాగరికత, ప్రగతి, జాతి భవిష్యత్తు అను మాటలకు ఆ లోకములో మాటలు లేవు. గనుక రాన్సమ్ సాదాగా చెప్పవలసి వస్తుంది. మా దగ్గర ఇంత మంది మనుష్యులను ఒక్కసారిగా చంపే పనిముట్లున్నాయి గనుక మీ నేల మేము తీసుకుంటే తప్పు లేదని ఇతడు అంటున్నాడు, అన్నట్టుగా తేలుతుంది. మేము నవ్వి, తరువాత ఆలోచనలో పడ్డాము. అభివృద్ధి కొరకు ఊరు ఖాళీ చేయాలి అనే కాగితము మన పల్లెకు వచ్చినప్పుడు దానిని కూడా ఇట్లాగే సాదా తెలుగులోకి మార్చి చదువుకోవాలి. మా స్వంత ప్రసంగములను కూడా. ఒకటి రెండు మార్చి చూశాము. మిగిలినది తక్కువే.

జూలైలో మేరీ షెల్లీ గారి ఫ్రాంకెన్‌స్టైన్ చదివాము. ఆ అబ్బాయి పెట్టెలోని నాలుగింటిలో ఇది ఒకటి, అట్ట చూసి తండ్రి ఎక్కువ మండిపడినది కూడా దీని మీదనే. 1815లో ఇప్పటి ఇండోనేషియాలో తంబోరా అగ్నిపర్వతము బద్దలై, 1816లో యూరపులో వేసవి రాకుండా పోయింది. ఆ చలి వర్షములలో జెనీవా సరస్సు ఒడ్డున స్నేహితులు దయ్యముల కథలు రాద్దామని పందెము వేసుకున్నారు. ఆమెకు అప్పుడు పద్దెనిమిదేళ్లు. ఆమె పుట్టిన కొద్ది రోజులకే తల్లి చనిపోయింది. అంతకు ముందు ఏడాదే తన మొదటి బిడ్డను పాతిపెట్టింది. 1818లో పుస్తకము వచ్చినప్పుడు అట్ట మీద ఆమె పేరు లేదు.

భయము పుట్టించే కథ అని చేతికి తీసుకున్నాము. మాకు భయము కంటె దుఃఖమే ఎక్కువ కలిగింది. విక్టర్ అను యువకుడు శవముల ముక్కలతో ఒక ప్రాణిని చేస్తాడు. అది కళ్లు తెరవగానే దాని వికారము చూసి పారిపోతాడు. దానికి పేరు కూడా పెట్టడు. ఆ ప్రాణి ఒక బీద కుటుంబపు గుడిసె ప్రక్కన దాగి, రాత్రిళ్లు ఎవరికీ తెలియకుండా వారికి కట్టెలు తెచ్చిపెడుతూ, వారి మాటలు విని భాష నేర్చుకుంటుంది. దొరికిన పుస్తకములలో మిల్టన్ గారి పారడైజ్ లాస్ట్ చదివి, తనను ఆదాముతో పోల్చుకుంటుంది. ఆదామును చేసినవాడు అతనితో మాట్లాడాడు, నన్ను చేసినవాడు నన్ను చూసి పారిపోయాడు, అదే దాని గోడు. ఆ ఇంటి గ్రుడ్డి ముసలివాడు ఒక్కడే దానితో దయగా మాట్లాడతాడు, కళ్లున్నవారు వచ్చి కొట్టి తరుముతారు. ఆ తరువాతనే అది హంతకి అవుతుంది. తన చేతులతో చేసిన మనుష్యులు పాపము చేసి దాగుకొన్నప్పుడు కూడా తోటలో వెదకుతూ వచ్చి, చర్మపు చొక్కాలు తొడిగించిన దేవుని సంగతి ఆదికాండము మూడవ అధ్యాయములో ఎన్నిసార్లు చదివామో. ఈ పుస్తకము మూసిన రాత్రి కుటుంబ ప్రార్థనలో ఆ అధ్యాయము చదివినప్పుడు, ఆ చొక్కాల దగ్గర మా ఇద్దరి గొంతు ఆగిపోయింది. సంస్కారము చూసి కాక ముఖము చూసి తరుమబడే పిల్లలు, ఒంటి మీద తెల్ల మచ్చలున్న పిల్లలు, నత్తి పిల్లలు, మన సంఘములలోనే లేరా?

ఆ అబ్బాయిని మేము మే నెల సెలవులలో కలిశాము. ఎక్కువ మాట్లాడేవాడు కాడు. అతని పుస్తకములలో మెడలిన్ లెంగిల్ గారి ఎ రింకిల్ ఇన్ టైమ్ ఉంది. 1962లో వచ్చింది, రెండు డజన్లకు పైగా ప్రచురణకర్తలు వద్దన్న తరువాత అచ్చయి మరుసటి ఏడాది పెద్ద బహుమానము పొందింది. అందులో కామజోట్జ్ అను గ్రహము. అక్కడ ప్రతి ఇంటి ముందు ఒక పిల్లవాడు బంతి కొడుతుంటాడు. అన్ని బంతులు ఒక్కసారే నేలకు తగలాలి, ఒక్కసారే లేవాలి. ఒక పిల్లవాని బంతి తాళము తప్పితే తల్లి భయముతో వణికి అతనిని లోపలికి లాక్కొనిపోతుంది. ఈ పేజీ ఎందుకు మడిచి పెట్టుకున్నావు బాబూ అని అడిగితే, “ఇది మా హాస్టలే అమ్మగారూ” అన్నాడు. తెల్లవారుజామున లేపడము, ఒకే గంటకు తినడము, వారవారము పరీక్ష, మార్కుల ప్రకారము వేరే సెక్షనుకు మార్చడము, తక్కువ వచ్చినవాని పేరు అందరి ముందు చదవడము. తోటి పిల్లవాడొకడు రెండు రోజులు ఏమీ తినకుండా గోడ వైపు తిరిగి పడుకుంటే ఎవరికీ చెప్పవద్దన్నారట. అతడు దేవునికి దూరమై ఆ పుస్తకములు చదవలేదు. ఊపిరి ఆడక చదివాడు. ఇంట్లో చెబితే ఫీజు కట్టిన నాన్న బాధపడతాడని చెప్పలేదు.

ఆ సాయంకాలము తండ్రిని పిలిచి ఆ బంతుల కథ మొత్తము తెలుగులో చెప్పించాము, అబ్బాయి నోటనే. తండ్రి తలవంచుకొని విన్నాడు. కట్టిన డబ్బు తిరిగి రాలేదు. జూన్‌లో అబ్బాయి ఊరికి దగ్గరలో ఉన్న ప్రభుత్వ కాలేజీలో రెండవ సంవత్సరము చేరాడు, సైకిలు మీద వెళ్లి వస్తున్నాడు. ఈ పుస్తకములో మాకు నచ్చనిది కూడా ఉంది. చీకటితో పోరాడినవారి వరుసలో యేసు ప్రభువు పేరును చిత్రకారుల పేర్లతో, శాస్త్రజ్ఞుల పేర్లతో కలిపి చెప్పారు. ఆయన ఆ వరుసలో ఒకడు కాడు. ఇది పిల్లలకు విడమరచి చెప్పాము. పుస్తకము మాత్రము ఇంట్లోనే ఉంచమన్నాము.

ఇక అందరూ అడిగే హ్యారీ పాటర్. ఏడింటిలో మొదటి మూడు చదివాము. మొదటిది 1997లో వచ్చింది. తల్లి తన ప్రాణమిచ్చి బిడ్డను కాపాడటము కథకు పునాది, అది మంచి పునాదియే. ఆ రచయిత్రి దయ్యముల పూజ నేర్పుతున్నదని కొందరు చెప్పే మాట మాకు కనబడలేదు. అయినా మన పల్లెలకు మేము వేరే మాట చెబుతున్నాము. ఇంగ్లండు పిల్లవానికి మంత్రదండము ఆటవస్తువు. మన పల్లెలో చేతబడి, బాణామతి ఆటలు కావు. జ్వరము తగ్గకపోతే ఎవరో ఏదో చేశారని తాయెత్తుకు పరుగెత్తే ఇళ్లు మన విశ్వాసులలోనే ఉన్నాయి. చేతబడి చేసిందన్న అనుమానముతో ఒంటరి ముసలమ్మలను కొట్టడము, చంపడము కూడా ఇంకా పత్రికలలో చదువుతూనే ఉన్నాము. అట్టి భయములో పెరిగే పిల్లలకు మంత్రము మంచివాని చేతిలో మంచిదే అన్న కథ ఇవ్వడానికి మా మనస్సు ఒప్పలేదు. ద్వితీయోపదేశకాండము పదునెనిమిదవ అధ్యాయము వారికి ముందుగా తెలియాలి. కొరింథులో విగ్రహములకు పెట్టిన మాంసము కొందరికి ఉత్త మాంసమే, కొందరికి మాత్రము పాత భయము. పౌలు ఆ రెండవవారిని చూసి తన భోజనము మార్చుకుంటానన్నాడు. పట్టణములో పెరిగి తాయెత్తు ఎరుగని పిల్లల తల్లిదండ్రులు వేరే నిర్ణయము చేసుకుంటే వారితో మాకు వాదము లేదు.

ఫిలిప్ పుల్‌మన్ గారి మూడు పుస్తకములు, 1995 మొదలు 2000 వరకు వచ్చినవి, వేరే రకము. భాష గొప్పది, మంచు ఎలుగుబంట్లు మరపురానివి. కాని అందులో సంఘము పిల్లలను హింసించే యంత్రము, దేవుడనబడినవాడు ముసలితనముతో కృశించి గాలిలో కలిసిపోతాడు. ఆయన దాచిపెట్టలేదు, ఉద్దేశపూర్వకముగానే రాశారు. పెద్దవారు చదవండి, సంఘము పేరుతో జరిగిన ఏ పాపము చూసి ఒక మనిషికి ఇంత కోపము వచ్చిందో ఆలోచించండి. చిన్నవారి చేతికి ఒంటరిగా ఇవ్వకండి.

మా సంఘపు పెద్దలు కూడా సంవత్సరాంతమున ఒక పుస్తకము అడిగి తీసుకొనిపోయారు. ఏదో చెప్పవద్దన్నారు గనుక చెప్పము. ఇంకా తిరిగి ఇవ్వలేదు.

ఇప్పుడు జార్జి మెక్‌డొనాల్డు గారి ది ప్రిన్సెస్ అండ్ ది గోబ్లిన్ మొదలుపెట్టాము. 1872 నాటిది. ఆయన స్కాట్లండు బోధకుడు, లూయిస్ గారు గురువుగా ఎంచినవాడు. ఐరీన్ అను చిన్న రాకుమార్తెకు మేడ మీది గదిలో ఉండే ముత్తవ్వ ఒక సన్నని దారము ఇస్తుంది. భయము కలిగినప్పుడు వ్రేలు దాని మీద పెట్టి అది ఎటు తీసుకొనిపోతే అటు వెళ్లాలి, తిరిగి రాకూడదు. దారము ఆ పిల్లను అవ్వ దగ్గరకు కాక, తిన్నగా కొండ లోపలి చీకటిలోనికి తీసుకొనిపోయింది. అక్కడ గనిలో చిక్కుకొన్న కర్డీ అను కుర్రవాడున్నాడు, అతనిని విడిపించింది. అతనికి మాత్రము ఆ దారము చేతికి తగలలేదు, తరువాత మేడ మీది అవ్వ కూడా కనబడలేదు, పాత గడ్డి కుప్ప కనబడిందట. ఎదుట ఉన్నది ఎందుకు కనబడలేదని పిల్లలు పోయిన ఆదివారము పట్టుబట్టి అడిగారు. ఇంకా సగము పుస్తకము మిగిలియున్నది. వచ్చే ఆదివారము చదవాలి.